పన్నెండు ఊర్ల తెల్లజొన్న

హైదరాబాద్,
22 జనవరి 1996.

తమ్మీ హనుమండ్లూ,

నువ్వు లారీ కూడా దిగేశావని అవ్వ ఫోన్‌లో చెప్పింది. ఎందుకు దిగావని అడగను. సైకిల్ షాపు ఎందుకు వదిలావో, వీడియో సెంటర్ ఎందుకు వదిలావో అడిగినప్పుడు నువ్వు చెప్పిన జవాబులే నాకింకా అరగలేదు. ఈసారి నీ తిరుగుడుతో నాకే పని పడింది.

నేను జొన్న మీద పరిశోధన చేస్తున్నానని నీకు తెలుసు. అదేమిటని నువ్వెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను, ఓపిగ్గా చదువు. మన వైపు తెల్లజొన్న ఏ ఊర్లో చూసినా కంటికి ఒకటే. అదే గింజ, అదే రంగు. కానీ ఒక్కో ఊరివాళ్ళు తాతల నాటి నుంచి తమ గింజనే దాచి, తమ గింజనే విత్తుతూ వచ్చారు. కంటికి అందని తేడాలు లోపల ఉండి తీరాలి. వాటిని చూడడానికి ఈమధ్యే ఒక దారి దొరికింది. గింజను మొలకెత్తించి, లేత ఆకు నూరి, అందులోంచి డి.ఎన్.ఏ. అనే పదార్థం తీస్తాం. ఆ మొక్కకు దాని తల్లిదండ్రుల నుంచి వచ్చినదంతా అందులో ఉంటుంది. దాంట్లో అక్కడక్కడ కొన్ని గుర్తులు పట్టుకుని, మిషన్‌లో లక్షల రెట్లు పెంచి, జిగురు పలక మీద పోసి కరెంటు పెడితే గీతలు గీతలుగా విడిపోతాయి. ఆ గుర్తుల్నే మార్కర్లంటాం. రెండు మొక్కల గీతలు ఒకే చోట పడితే అవి దగ్గరి చుట్టాలు. వేరే చోట్ల పడితే దూరం.

గోదావరికి మన వైపు ఆరు ఊర్లు, అవతల ఆరు ఊర్లు, మొత్తం పన్నెండు ఊర్ల తెల్లజొన్న కావాలి నాకు. ఊరికి ఒక్క ఇల్లు చాలు. ఆ ఇంటివాళ్ళు కంపెనీ విత్తనం ఎన్నడూ కొని ఉండకూడదు. దోసెడు గింజలు తీసుకుని, పొట్లం మీద ఊరి పేరు, ఇంటివాళ్ళ పేరు రాయి. ఆగస్టు నెలాఖరులోగా ఫలితం చూపించకపోతే మా సార్ ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు. నా రెండేళ్ళూ నీళ్ళపాలు.

ఒక్క మాట. తొమ్మిదో తరగతిలో నాలుగు నెలలు స్కూలు డ్రెస్సు వేసుకుని మంచిర్యాలలో సినిమాలు చూసొచ్చినట్టు కాదు ఇది. ఇక్కడ దొంగతనం చేస్తే మిషన్ పట్టేస్తుంది.

సారక్క



శ్రీరాంపూర్,
4 ఫిబ్రవరి 1996.

అక్కకు హనుమండ్లు దండం పెట్టి రాస్తున్న.

నీ ఉత్తరం అవ్వకు, బాపుకు సదివి వినిపించిన, సినిమాల ముచ్చట ఒక్కటి ఇడిసిపెట్టి. బాపు ఫస్ట్ షిఫ్ట్ చేసచ్చి బొగ్గు మొఖంతోనే కూసున్నడు. "గింజల అన్ని రాసుంటయట బాపూ, అక్క గవన్నీ సదువుతదట" అన్న. "గింజల ఉన్నది సదువుతది గని, గీ ఇంట్ల ఉన్నది సదువుతలేదు. దానికి ఇరవై ఆరేండ్లు నిండినయ్, పెండ్లి ముచ్చట రాసిందా?" అన్నడు. రాయలేదన్న. నీళ్ళు పోస్కునేటానికి లేచిపోయిండు.

నువ్వు పుస్తకంల ఉన్నట్టు రాస్తవ్. నాకు గట్ల రాదు. నోట్లకెల్లి ఎట్లస్తె గట్లనే రాస్త. తప్పులు దిద్ది మల్ల నాకు పంపకు, మా తెలుగు సారు చేసినట్టు.

పన్నెండు ఊర్లంటున్నవ్. లారీ మీద తిరిగిన తొవ్వలు నాకు అన్ని ఎరికే. ఎల్లుండి భైంసా దిక్కు పోత. గాడికెల్లి నిర్మల్ దిక్కు, గంత అయినంక గోదారి దాటి మెట్‌పల్లి దిక్కు. నువ్వు ఫికర్ చెయ్యకు. నీతోని పని ఉన్నదని ఎవలన్న నన్ను అడిగి ఎన్ని దినాలైందో తెల్సా?

తమ్ముడు



శ్రీరాంపూర్,
11 మార్చి 1996.

అక్కా,

పన్నెండు పొట్లాలు రిజిస్టర్ పార్సిల్ చేసిన. అందినంక కార్డు రాయి.

పెద్ద పరేషాన్ ఏం గాలే. ఒక్క ఇంట్ల గూడ లేదనలే, పో అనలే. ఎవల ఇంటికి పోయినా ముందుగాల ఎవల పోరనివి అని అడుగుతరు, ఎనుక గట్క తినమంటరు, గప్పుడు ఎందుకచ్చినవ్ అంటరు. "మా అక్క హైదరాబాద్‌ల ఉన్నది, జొన్నల మీద సదువు సదువుతది" అంటె నవ్వుతరు. జొన్నల మీద సదువేంది అని. "మెత్తగ నూరి, మిషన్‌ల ఏసి, ఏ ఊరి జొన్న దేనికి సుట్టమో చెప్తది" అని నువ్వు రాసినట్టె చెప్పిన. పాతమడుగుల దుర్గవ్వ అనే ముసలామె, "నూరుకోవాల్నా? మీ అక్కకు గంత పెద్ద పట్నంల గిర్ని దొరకలేదా?" అన్నది. గోదారి అవుతల రాళ్లవాగుల భూమన్న అని ఒకాయన ఉన్నడు, గాయిన నవ్వనే నవ్వడు. అడిగిన, ఇంట్లకు పోయిండు, చాటల తెచ్చి పోసిండు, గంతే. మన సొంతూరు కొమ్మగూడల దేవవ్వ ఇంట్ల గూడ తీస్కున్న. బాలమల్లు కాక నన్ను సూసి, "ఏం రా, గిప్పుడు జొన్నల ఏపారమా? గిది ఎన్ని దినాలు?" అన్నడు. నవ్విన. ఏమన్న గని, మనసుల పెట్టుకోలే.

దీపావళి ముంగట కొట్టిన వానకు అందరి జొన్నలు నల్లవడ్డయట. నీకు పంపినయ్ మాత్రం తెల్లగ ముత్యాల్లెక్క ఉన్నయ్. మంచియి ఏరి ఇచ్చిండ్లు పాపం.

ఇంకేమన్న పని ఉంటె చెప్పు.

హనుమండ్లు



హైదరాబాద్,
26 ఏప్రిల్ 1996.

హనుమండ్లూ,

ఈ ఉత్తరంతో ఒక ఫోటో పంపుతున్నాను. నల్లటి దానిమీద నిచ్చెన మెట్లలాగా కనిపించే తెల్ల గీతలే నేను చెప్పిన గుర్తులు. పన్నెండు నిచ్చెనలున్నాయి, పన్నెండు పొట్లాలకి. వాటి మెట్లు లెక్కపెట్టు. ఒక్క మెట్టు తేడా ఉంటే చూపించు.

లేదు. అన్నీ ఒకే అచ్చు. ఇరవై మార్కర్లు వేసి చూశాను, ఇరవైకీ అంతే. నా చేతిలోనే ఏదో తప్పు జరిగిందేమోనని మొదట్నుంచి మళ్ళీ చేశాను. పదమూడోదిగా మా ఫారంలో పండే హైబ్రిడ్ జొన్న పక్కన పెట్టాను. అది కూడా అదే. పన్నెండు ఊర్ల తాతల నాటి జొన్న కాదు తమ్మీ ఇది, ఒక్క బస్తాలోది.

సార్ ఫోటో చూసి, "మీ తమ్ముడు మంచిర్యాల బస్టాండు దాటలేదమ్మా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

నువ్వు వెళ్ళకపోతే వెళ్ళలేదని చెప్పొచ్చుగా? దుర్గవ్వ అని, భూమన్న అని, మాటలతో సహా కల్పించి రాయాలా? చాటలో తెచ్చి పోశాడని కూడా రాశావు. బాపుకు ఉత్తరం రాశాను. నీతో నాకిక పని లేదు.

సారక్క



శ్రీరాంపూర్,
3 మే 1996.

అక్కా,

నేను పోయిన. పన్నెండు ఊర్లకు పోయిన. బస్సు టికెట్లు దాచిపెట్టలే, దాచిపెట్టాల్సస్తదని తెల్వదు.

నీ మిషన్ తప్పు చెప్పదంటున్నవ్. సరె. నేను గూడ తప్పు చెప్పలే. రెండు నిజమే అయితె నడుమల ఏందో ఉన్నది. గది పట్టుకొస్త.

బాపు నీ ఉత్తరం సదివించుకొని నాతోని మాట్లాడుడు బంద్ చేసిండు. గదే మంచిది, నేను గూడ మాట్లాడ. నాకు రాయకు గప్పటిదాక.

హనుమండ్లు



కొమ్మగూడ,
24 మే 1996.

అక్కా,

పట్టుకున్న. జర నిమ్మలంగ సదువు.

ముందుగాల దేవవ్వ ఇంటికే పోయిన, మన ఊరే గద. నువ్వు పంపిన గీతల ఫోటో సూపెట్టి, "అవ్వా, నువ్వు నాకిచ్చిన జొన్నలు నీ చేన్లయేనా?" అని అడిగిన. ఆమె గడపల కూసోని చింతపండు గింజ తీస్తున్నది. తల గూడ ఎత్తలే.

"నా చేన్లయి ఎట్లయితయిరా? వానకు నల్లవడ్డయ్ గద. తినేటానికి అంగట్ల కొనుక్కచ్చినం. గవ్వే ఇచ్చిన."

"నేను విత్తనం జొన్నలు అడిగిన గద అవ్వా!"

"ఎప్పుడడిగినవ్? నూరుతమన్నవ్. మిషన్‌ల ఏస్తమన్నవ్. నూరేటానికి విత్తనం గింజలెందుకు? తినే జొన్నలు నూరితె నూరవడయా?"

ఆమె అప్పుడు తల ఎత్తి సూసింది.

"విత్తనం కుండ మిరుగం కార్తె దాక మూత తియ్యం. తీస్తె, చేన్ల ఏసేటోనికి ఇస్తం. నూరుకునేటోనికి ఇయ్యం. మా అత్త ఇయ్యలే, నేనియ్య. గట్లని ఇంటికచ్చి అడిగినోన్ని ఉత్త చేతులతోని పంపుతమా? ఉన్నయి ఇచ్చిన. నీకు తక్కువేమైంది?"

అక్కా, నేను నిజం చెప్పుడే తప్పైంది. నూరుతరని నువ్వు రాసినవ్, నేను నూరుతరనే చెప్పిన. పన్నెండు ఇండ్లల్ల పన్నెండు మంది ఒక్కతీరుగ అనుకున్నరు. ఒక్కరు గూడ నన్ను మోసం చెయ్యలే, మర్యాద చేసిండ్లు. మల్ల పోయి ఎనిమిది ఇండ్లల్ల అడిగిన, అందరు గదే మాట. గిట్ల మొత్తుకుంటున్న నన్ను సూసి దుర్గవ్వ నవ్వి నవ్వి కండ్ల నీళ్ళు తుడ్సుకున్నది.

ఇగ అన్ని ఒక్కటే ఎందుకైనయంటవా? దీపావళి వానకు అందరియి ఖరాబయినయ్. గోదారికి ఇవుతల, అవుతల అంగళ్ళకు మహారాష్ట్రకెల్లి హైబ్రిడ్ జొన్నలు లారీల మీద వచ్చినయ్. గా లారీల మీదనే నేను క్లీనర్‌గ చేసింది. నేను మోసి దించిన బస్తాలల్ల జొన్నలే నాకు దోసెడు దోసెడు ఇచ్చిండ్లు. నీకు పంపిన.

నల్లవడక ముందే మంచి కంకులు ఏరి కోసి, బూడిద కలిపి కుండలల్ల పెట్టుకున్నరట. గవ్వి ఉన్నయ్. ఏసేటోనికైతె ఇస్తరు. అందుకని నేను ఏస్త. దేవవ్వతోని గదే అన్న. "నువ్వా? ఏదీ, చేతులు సూపెట్టు" అన్నది. సూపెట్టిన. "గీ చేతులతోని నాగలి పట్టినవా ఎన్నడన్న?" పట్టలేదన్న. "మరి?" అన్నది. పడుత అన్న. మిరుగం నాడు రమ్మన్నది.

కాకను ఒక్క మడి అడిగిన, వాగు పక్కది. పన్నెండు సాలు, సాలుకు ఒక్క ఊరు. మొలిచినంక నీకు ఆకులే పంపుత. నీకు ఆకులే గద కావాల్సింది?

హనుమండ్లు



హైదరాబాద్,
2 జూన్ 1996.

తమ్మీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నమ్మేలాగే ఉంది. నాకు భయం కూడా అందుకే. నీ కథలు ఎప్పుడూ నమ్మేలాగే ఉంటాయి. స్కూల్లో మధ్యాహ్నం ఉప్మా పెడుతున్నారని నాలుగు నెలలు అవ్వకు చెప్పావు, ఉప్మాలో పల్లీలు తక్కువయ్యాయని కూడా చెప్పావు.

నిజమే అయితే నా తప్పు ఉంది. నూరడం సంగతి రాయకుండా ఉండాల్సింది. ఆ ఇళ్ళలో గింజకూ గింజకూ మధ్య అంత తేడా ఉంటుందని నాకు తెలియదు. నేనూ ఆ ఊరి పిల్లనే, తెలిసి ఉండాల్సింది. బొగ్గు క్వార్టర్లలో పెరిగాం, మనకు విత్తనం కుండ ఎవరు చూపించారు?

కానీ విత్తడం వద్దు. పెరట్లో పాదు కాదు అది, నాలుగు నెలల పని. నాలుగు నెలలు ఒక్కచోట ఉండడం నీ వల్ల కాదు, నాకూ తెలుసు, నీకూ తెలుసు. మధ్యలో వదిలేస్తే నా గడువు పోతుంది, కాకకు మడీ పోతుంది. ఇక్కడ విత్తనాల గోదాములో పాత రకాలు కొన్ని డబ్బాల్లో ఉన్నాయి. అవి ఎక్కడివో సరిగా రాసి లేదు కానీ సార్ వాటితో సర్దుకోమంటున్నారు. సర్దుకుంటాను.

నువ్వు ఇంటికి వెళ్ళు. బాపుతో మాట్లాడు.

సారక్క



కొమ్మగూడ,
27 జూన్ 1996.

అక్కా,

నీ ఉత్తరం వచ్చేటాల్లకే ఏడు ఇండ్లల్ల విత్తనం అడిగిన. గందుకే ఆగలే. అడగకపోయినా ఆగకపోతుంటి.

మిరుగం వచ్చింది గని వాన రాలే. పదిహేను దినాలు మబ్బు సూసుకుంట కూసున్నం. గా పదిహేను దినాలు ఊరూరు తిరిగిన. "ఏస్త" అన్న మాటకు ఎట్ల మారిపోతరో మనుషులు! రాళ్లవాగు భూమన్న, నవ్వడని రాసిన గద, గాయిన నన్ను అటక మీదికి ఎక్కించి కుండ దింపిచ్చిండు. మూతకు పేడ అలికి ఉన్నది. తనే పగలగొట్టి, దోసెడు తీసి, నా తువ్వాల కొంగుల పోసి ముడి తనే ఏసిండు. "పండినంక దోసెడుకు రెండు దోసిల్లు తెచ్చియ్యాలె. తేకపోతె మల్ల నా గడప తొక్కకు" అన్నడు. అందరింట్ల గదే షర్తు.

ఇరవై రెండు తారీఖు వాన పడ్డది. కాక ఎడ్లు ఇచ్చిండు గని నాగలి నాకు ఇయ్యలే. "సాలు వంకర పోతె ఊరంత నవ్వుతరు, నన్ను" అన్నడు. బతిమాలిన. నాలుగు సాలు కాక దున్నిండు, ఎనిమిది నేను దున్నిన. ఏవి నావో దూరంకెల్లి సూసినా తెలుస్తది. చేతులు పగిలినయ్. దేవవ్వ మడి కాడికచ్చి, "ఏదీ చేతులు" అన్నది మల్ల. సూపెట్టిన. ఇంటికి పోయి పసుపు నూనె పంపింది.

బాపు మొన్న ఐతారం వచ్చిండు. గట్టు మీద నిలబడి అంత సూసిండు. సాలు సాలుకు కట్టె పాతి రేకు ముక్క మీద నంబరు రాసిన. "గివేంది?" అన్నడు, రెండు నెలలకు మొదటి మాట. చెప్పిన.

"మీ అక్క ఒద్దన్నదట గద. మరెవలి కోసం ఏసినవ్?"

"నేను మోసం చెయ్యలేదని."

"ఎవలకు చెప్పేటానికి?"

"అక్కకు."

"నాకు గాదా?" అన్నడు. బస్సుకు టైమైందని పోయిండు.

సర్దుకోకు అక్కా. ఆకులు వస్తయ్. ఎట్ల పంపాల్నో రాయి.

హనుమండ్లు



హైదరాబాద్,
6 జులై 1996.

తమ్మీ,

పార్సిల్‌లో నీలం గుండ్లు ఉన్నాయి, భయపడకు, పురుగుమందు కాదు. తడి పీల్చే గుండ్లు. ఒక్కో సాలులో పది మొక్కలు చూసుకుని, మొక్కకు ఒక్క లేత ఆకు తెంపు. ముక్కలు చేసి కవర్లో వేసి, ఈ గుండ్లు గుప్పెడు పోసి మూతి కట్టు. గుండ్లు గులాబీ రంగుకు తిరిగితే తడి పీల్చేశాయని అర్థం, తీసి కొత్తవి వెయ్యి. రెండు రోజుల్లో ఆకు పెళపెళలాడాలి. అప్పుడు పంపు. ఒక సాలు ఆకు ఇంకో సాలు కవర్లో ఒక్క ముక్క పడినా నా పని మొత్తం చెడుతుంది.

నేనింకా పూర్తిగా నమ్మానని అబద్ధం రాయను. కానీ గోదాము డబ్బాలు వెనక్కి ఇచ్చేశాను.

సారక్క



కొమ్మగూడ,
20 జులై 1996.

అక్కా,

పన్నెండు కవర్లు పంపుతున్న. ఒక్కొక్క సాలు తెంపినంక వాగుల చేతులు కడుక్కొని ఇంకో సాలుకు పోయిన. కాక సూసి, "గుడికి పోతున్నవా, చేనుకు పోతున్నవా" అన్నడు. నీలం గుండ్లు గులాబీ అయితుంటె ఊరి పోరలు, ముసలోళ్ళు అందరు వచ్చి సూసిండ్లు. బాలమల్లు కాక రెండు గుండ్లు జేబుల ఏసుకున్నడు, బీడీల డబ్బల పెట్టుకుంటడట, వానకు మెత్తవడకుంట.

ఒక్కటి నీకు చెప్పాలె. ఏడో సాలుల అడివి పందులు పడ్డయ్. గా సాలుల మొక్కలు తొమ్మిదే మిగిలినయ్. నువ్వు పది ఆకులు అడిగినవ్. తొమ్మిదే పెట్టిన. తొమ్మిదితోని అయితదో కాదో నాకు తెల్వది. కాకపోతె ఏడో ఊరు తీసెయ్యి.

కలుపు పోను చేనుకు మొదటి గుంటుక తోలిన. జొన్న మోకాళ్ళ దాక వచ్చింది. రెండో సాలు ముదురు పచ్చ, అయిదోది జర తెలుపు. కంటికి ఒక్కతీరని రాసినవ్ గద నువ్వు, రోజు సూస్తె ఒక్కతీరు కాదు.

నేను ఎక్కడికి పోలే. గీడనే ఉన్న.

హనుమండ్లు



హైదరాబాద్,
1 సెప్టెంబర్ 1996.

తమ్మీ,

ఫోటో పంపుతున్నాను. ఈసారి మెట్లు లెక్కపెట్టమని చెప్పను, నువ్వే పెడతావు.

వేరువేరుగా వచ్చాయి. గోదావరికి ఇవతలివి ఒక్కటి తప్ప అన్నీ ఒక గుంపులో కూర్చున్నాయి, అవతలివి ఇంకో గుంపులో. నువ్వు కంటితో చూసి చెప్పిన రెండో సాలు, అయిదో సాలు అన్నిటికంటే దూరంగా నిలబడ్డాయి. హైబ్రిడ్ పక్కన పెట్టాను, ఒక్కటి కూడా దానితో కలవలేదు. తొమ్మిదాకులు సరిపోయాయి. మొన్న ముప్పయ్యో తారీఖున సార్ ముందు పెట్టాను. పని నా దగ్గరే ఉంది.

కానీ ఒకటుంది. నాలుగో నంబరు, పదకొండో నంబరు ఒకటే. నాలుగు పాతమడుగు, భైంసా దగ్గరిది. పదకొండు రాళ్లవాగు, గోదావరి అవతలిది. ఇరవై మార్కర్లలో పందొమ్మిదింటికి రెండూ ఒకే చోట గీత వేశాయి. సార్ వెంటనే పెన్ను పెట్టి ఆ రెంటికీ సున్నా చుట్టారు. "ఇక్కడ మీవాడు దొరికాడు. ఒక సాలు ఆకులే రెండు కవర్లలో వేశాడు. పోనీ, పొరపాటే అనుకుందాం, ఒకటి కొట్టేయండి" అన్నారు.

నేను లేదు అన్నాను. నిన్ను అడగకుండానే అన్నాను. ఎందుకంటే నాకు ఆ ఏడో కవరు కళ్ళ ముందు నిలబడింది. పక్క సాలులో ఒక్క ఆకు తుంచితే పది అయ్యేది, ఎవరికీ తెలిసేది కాదు. తొమ్మిది పంపినవాడు ఇది చెయ్యడని సార్‌కి చెప్పాను. "అయితే కారణం చూపించండి" అన్నారు. కారణం నా దగ్గర లేదు. ఉండి తీరుతుందని మాత్రం చెప్పాను.

ఏప్రిల్‌లో ఇదే ప్రశ్న నిన్ను ఇంకోలా అడిగాను. అందుకు సిగ్గుగా ఉంది. బాపుకు వేరే ఉత్తరం రాశాను, ఇవాళే పోస్టు చేశాను.

ఆ రెండు ఇళ్ళకూ ఏం సంబంధమో నువ్వే కనుక్కోవాలి. తొందరేం లేదు, చేను పని చూసుకుని వెళ్ళు.

అక్క



పాతమడుగు,
9 సెప్టెంబర్ 1996.

అక్కా,

నీ ఉత్తరం చేన్ల నిలబడి సదివిన. "నిన్ను అడగకుండానే అన్నాను" దగ్గర ఆగి, మల్ల పైకెల్లి సదివిన. నాలుగు సార్లు గట్లనే అయింది. కాక, "ఎవలన్న పోయిండ్లా ఏంది?" అని ఉరికచ్చిండు. కాదన్న.

ఇగ ఆగుతనా? చేను కాకకు అప్పజెప్పి పొద్దుగాల బస్సుకే పాతమడుగు వచ్చిన.

దుర్గవ్వ వాకిట్ల పెసరకాయ ఒలుస్తున్నది. గుర్తుపట్టి, "జొన్నలు అప్పుడే పండినయా?" అన్నది. కంకి ఇంక పొట్టల్నే ఉన్నదన్న. కూసోని నేను గూడ ఒలుసుకుంట అడిగిన.

"అవ్వా, నీ తెల్లజొన్న ఎక్కడిది?"

"నా ఇంటిది."

"గంతకు ముందు?"

"మా అత్తగారింట్ల పచ్చజొన్న ఏస్తుండె. గిది నేను తెచ్చుకున్న. పెండ్లై వచ్చేటప్పుడు మా అవ్వ కొంగుల కట్టింది. ముప్పై ఆరేండ్లు."

"ఏ ఊరు మీ అవ్వగారిది?"

"రాళ్లవాగు. గోదారి అవుతల. నీకేమెరిక."

నా చేతిల కాయ గట్లనే ఉండిపోయింది. "భూమన్న నీకేమైతడు?" అన్న.

ఆమె ఒలుసుడు ఆపింది. "గా పేరు నీకెవలు చెప్పిండ్లు?"

"గాయిన కుండలకెల్లి గూడ విత్తనం తెచ్చిన."

"మా తమ్ముడు" అన్నది.

వాళ్ళ అవ్వ సచ్చిపోయినప్పుడు గోదారి నిండుగ పారుతున్నదట. కబురు ఆరో దినం అందింది ఈమెకు. "కావాల్ననే ఆలిశెం చేసినవ్" అని ఈమె. "మొదటి దినమే మనిషిని పంపిన, నువ్వే రాలే" అని ఆయిన. పంపిన మనిషి ఎటు పోయిండో ఎవలకు తెల్వది. ఇరవై ఆరేండ్లాయె, ఒకల గడప ఒకలు తొక్కలే. ఒకలు చెప్పింది ఒకలు నమ్మలే, గంతే ముచ్చట.

నేను ఫోటో తీసి పెసర పొట్టు మీద పెట్టిన. గిది నీది, గిది భూమన్నది అని ఏలు పెట్టి సూపెట్టిన. చేతులు చీరకు తుడ్సుకొని అందుకున్నది. ఎనుకముందు తిప్పింది.

"గివి రెండు ఒక్కటేనా?"

"ఇరవైల పందొమ్మిది ఒక్కటే."

"గా ఒక్కటేంది?"

"ఆడొకటి ఈడొకటి ముప్పై ఆరేండ్లు పండినయ్ గద అవ్వా. జర తేడా వస్తది."

"గిన్నేండ్లకు గంతేనా?" అన్నది.

మల్ల ఒలుసుడు మొదలుపెట్టింది. పిడికెడు కాయ అయిపోయినంక అడిగింది, నా దిక్కు సూడకుంట: "ఊరంత హైబ్రిడ్ ఏస్తున్నరు గద. వాడు ఇంక గదే ఏస్తుండా?"

"గదే ఏస్తుండు. కుండ మూతకు పేడ అలికి పెట్టిండు."

"మా అవ్వ గట్లనే అలికేది."

కబురు పంపమంటవా అని అడిగిన. నాకు తొవ్వల వచ్చేటప్పుడు గదే మతికచ్చింది, ఒక కార్డు రాస్తె సరిపోతదని.

"కబుర్లు వద్దు. కబుర్లతోనే గింత దూరమైంది. నేనే పోత. తొవ్వ మారింది గావచ్చు, నువ్వస్తవా?"

వస్తనన్న. గిప్పుడు ఆమె ఇంట్ల చీర మడత పెడుతున్నది, నేను అరుగు మీద కూసోని గిది రాస్తున్న. నిర్మల్ బస్సు రేపు పొద్దుగాల ఏడింటికి. గాడ మారి మెట్‌పల్లికి, గాడికెల్లి ఆటో. మధ్యాహ్నం వరకు రాళ్లవాగు.

మీ సారుకు చెప్పు. నాలుగో నంబరును పదకొండో నంబరు ఇంటికి నేనే తోల్కపోతున్న. కారణం సూడాల్నంటె రమ్మను.

హనుమండ్లు